ఫ్రిజ్ తలుపుకు గొళ్లెం

లక్సెట్టిపేటలో కనకవ్వ ఇంటి ఫ్రిజ్ ఎనిమిది రోజులుగా సరిగా చల్లబడడం లేదు. పాలు విరిగినా కూర పులిసినా ఆమె తన కోడలు నవీననే తిట్టేది.

"నీ చెయ్యి తాకితే మంచిది గూడ పాడైతది. నువ్వే తిను."

పాడైనదల్లా నవీన కంచంలోనే పడింది. ఆమెకు ఐదో నెల. తిన్నది తిన్నట్టే కక్కుకునేది. భర్త హరీష్ చూసి, మళ్లీ ఫోన్‌లోకి తల దించుకునేవాడు.

అందుకే మెకానిక్ మునీర్ వచ్చినప్పుడు నవీన గుమ్మం దగ్గరే నిలబడింది. తప్పు తనది కాదని ఒక్కరు అంటే చాలు.

మునీర్ ఫ్రిజ్‌ను ముందుకు జరిపి వెనక చెయ్యి పెట్టి చూశాడు. "మోటరు ఆగకుంట నడుస్తంది. గ్యాసు గూడ మంచిగనే ఉన్నది."

తర్వాత ఒక కాగితం తలుపు సందులో పెట్టి, మూసి లాగాడు. కింద గట్టిగా పట్టుకుంది. పైన పెడితే జారిపోయింది. పైనే కొత్త గొళ్లెం, దానికో తాళం ఉన్నాయి.

"గీ గొళ్లెం ఎవలు కొట్టిచ్చిండ్రు?"

"నేనే. ఇంట్ల దొంగపిల్లి ఉన్నది" అంది కనకవ్వ, కోడలి వైపు చూస్తూ.

"గిదే కత అవ్వా. దీనితోని తలుపు వంకరైంది, రబ్బరు అతుకుతలేదు. సల్లదనమంత బయటికే పోతంది. గొళ్లెం తీసేద్దాం. ఇందుల ఎవల తప్పు లేదు."

"విన్నరా అత్తమ్మా?" అంది నవీన. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆమె గొంతు పెద్దగా వినిపించడం అదే మొదలు.

కనకవ్వ ముఖం నల్లబడింది. "తీసుడు లేదు. తలుపు సక్కగ పడాలె, తాళం ఉండాలె. గట్ల చెయ్."

"కడుపుతోనున్న పిల్ల అవ్వా..."

"అవ్వ చెప్పినట్టు చెయ్ మునీర్ భాయ్" అన్నాడు హరీష్, తల ఎత్తకుండానే.

మునీర్ తలుపు సరిచేసి, గొళ్లెం మధ్యకు మార్చి బిగించి, నవీన ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఫ్రిజ్ బాగా చల్లబడింది. భోజనాల వేళ కనకవ్వ పెరుగు గిన్నె తీసి కొడుక్కి వేసి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసింది.

"అత్తమ్మా, నాక్కూడా జర పెరుగు..."

"బయటోని ముంగట నా ఇజ్జత్ తీస్తివి గద. వాన్నే అడుగు పో."

నవీన హరీష్ వైపు చూసింది. అతను పెరుగన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, ఎంగిలి కంచం ఆమె ముందుకు జరిపాడు.