అక్క చదవకుండా పెట్టిన సంతకం

నా భయాలన్నిట్లోకీ పెద్దది ఒకటే: అక్క నన్ను కూడా వాళ్ళలో కలిపేసి ఉంటుందని. పిల్లాడు కాస్త దగ్గితే చాలు ప్రాణం పోయేంత భయపడే మనిషినే నేను. కానీ ఇది అలాంటి భయం కాదు.

అక్కంటే తోడబుట్టింది కాదు. మా ఆయనతో పాటు పదిహేనేళ్ళు పార్టీలో చేసిన కౌన్సిలరు. ఆయన్ని మొదటిసారి నిలబెట్టి గెలిపించింది ఆవిడే. పదితో చదువు మాన్పించిన నన్ను ఈ ఇంట్లో అంట్ల ముందు చూసి, "చదువాగితే ఆగింది, చేతిరాత ఎక్కడికీ పోలేదుగా" అని పార్టీ ఉత్తరాలు రాయడానికి కూర్చోబెట్టింది. మా అత్తగారేమో, "దొరసానిగారూ, ముందు పిల్లాడి ముక్కు తుడవండి" అనేది.

ఏడాదిగా అక్క కళ్ళు మసక. నా గుండ్రటి అక్షరాల్ని పోల్చుకునేది గానీ చదవలేకపోయేది. "నీ రాతైతే చదివేదేముందే" అంటూ సంతకం గీసేసేది.

పోయిన నెల మా ఆయన ఓ ఉత్తరం చెప్పి రాయించారు. చూపు మందగించింది, రాజకీయాల నుంచి తప్పుకుంటున్నాను అని. ఎవరిదన్నాను. "పక్క వార్డు ముసలాయనది. పిల్లాడు ఏడుస్తున్నాడు, చూడు." వెళ్ళి చూశాను. ఇంకోమాట అడగలేదు.

తర్వాత, "అక్క తప్పుకుంటోంది, వీడ్కోలు ప్రసంగం రాయి, జనం ఏడవాలి" అన్నారు. నాకు చెప్పకుండానా అని అక్క మీద అలిగాను కూడా. అలిగే, ఒక చేత్తో పిల్లాడికి ముద్దలు పెడుతూ రాశాను.

తనకి సన్మానమని చెప్పారట, అక్క కొత్త చెప్పులు వేసుకుని సభకి వచ్చింది. "నాకు నడక నేర్పిన చెయ్యి ఇవాళ సెలవు తీసుకుంటోంది" అని నా వాక్యం చదివి మా ఆయన కళ్ళొత్తుకున్నారు. అక్క నవ్వి, "ఎవరయ్యా సెలవు తీసుకునేది?" అంది. పార్టీ అధ్యక్షుడు ఉత్తరం తీసి చదివాడు. అక్క దాన్ని లాక్కుని ముక్కుకి ఆనించుకుంది. జనం చప్పట్లు. వేదిక మెట్లు దిగి నా ముందు ఆగి, "నీ రాతని చూసే పెట్టానే" అంది. అంతే.

ఇంటికొచ్చి అడిగితే మా ఆయన చొక్కా విప్పుకుంటూ, "రాసింది నువ్వు, సంతకం ఆవిడది. మధ్యలో నేనేం చేశాను? ఆ సీటు మా తమ్ముడికొస్తుంటే నీకు కడుపుమంటా?" అన్నారు.

నిన్న అధ్యక్షుడికి జరిగింది జరిగినట్టు రాసి, కింద మొదటిసారి నా పేరు పెట్టి, నేనే ఇచ్చొచ్చాను. అట్నుంచటే పిల్లాణ్ణి చంకనేసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. నా గొంతు వినగానే లోపల రేడియో ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. మూడు రోజులుగా కిందికి దిగలేదట. మార్కెట్ వెనక వీధి, కుట్టుషాపు పైన మేడగది. మీరెవరైనా అటు వెళ్తే నా మాట ఎత్తకుండా తలుపు కొట్టండి. ఏమైనా తిందో లేదో కనుక్కోండి.