బొడ్డు చెట్టు

చచ్చిన చెట్టును వారంలోగా మోడుతో సహా పెకలించాలి. మా సంఘం పుస్తకంలో మొదటి నియమం ఇది. రాసింది నేనే, కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది కూడా నేనే. అందుకే జరిగింది నా నోటితోనే చెప్పాలి. ఇంకొకరు చెబితే జాలిపడి నన్ను కాస్త మంచిదాన్ని చేస్తారు.

మాది బాగన్ దాతుక్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న పంతొమ్మిది ఇళ్ళ తెలుగు వాడ. ముత్తాతలు ఓడలెక్కి ఈ దేశానికి దొరల తోటల్లో కూలికొచ్చారు. తాతల నాటికి తలా రెండెకరాల కొబ్బరి మిగిలింది. చుట్టుపక్కల వాళ్ళంతా ఎప్పుడో కొబ్బరి కొట్టేసి ఆయిల్ పామ్ వేసుకున్నారు. మా భూములు కూడా కలిపేసుకుందామని ఒక తౌకే, అంటే ఇక్కడి పెద్ద వ్యాపారి, ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. పాపం ఆయన తొందరపడే మనిషి కాదు. మేం ఒకళ్ళనొకళ్ళం ఓర్వలేక మాకు మేమే చేతికొస్తామని ఆయన నమ్మకం.

ఆయన నమ్మకం వమ్ము చేద్దామనే నేను సంఘం పెట్టాను. క్లాంగ్‌లో ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌గా చేసి వచ్చినదాన్ని, నలుగురి చేత పని చేయించడం నాకు తెలుసని నాకో గర్వం. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. కాయ అమ్ముకుంటే ఏమీ మిగలదు, అందరం కలిస్తే నూనె తీయొచ్చు, పీచు పేనొచ్చు, చిప్పలు బొగ్గు చేయొచ్చు అన్నాను. ఇపో నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చి చూశారు. మూడేళ్ళపాటు పురుగుమందు చుక్క వాడకుండా, ముప్పై ఎనిమిది ఎకరాలూ ఆరోగ్యంగా నిలబెడితే యోగ్యతాపత్రం ఇస్తామన్నారు. అది చేతికొస్తే వాడలోనే నూనె మిల్లు పెడతారు, పిల్లలు బతుకు కోసం క్లాంగ్ పోనక్కర్లేదు. రాకపోతే భూములు తౌకేవి. మధ్యే మార్గం లేదు.

మందు లేకుండా కొబ్బరిని కాపాడటమంటే కొమ్ము పురుగుతో యుద్ధం. అది రాత్రిళ్ళు ఎగిరొచ్చి చెట్టు మొవ్వులో దూరి లేత ఆకును నమిలేస్తుంది. విప్పుకున్నాక ఆకు కత్తెరతో కోసినట్టు ఉంటుంది. మొవ్వు పోయిన కొబ్బరి మళ్ళీ చిగురించదు, ఈ మాట మా వాడలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఆ పురుగు గుడ్లు పెట్టేది కుళ్ళిన మోడుల్లో, తిరగేయని పీచు పోగుల్లో. అందుకే ఆ మొదటి నియమం.

నియమం రాయడం తేలికే. మా వాడలో దానికి అడ్డొచ్చేది ఒక్కటుంది. బిడ్డ పుడితే బొడ్డు ఊడిన రోజున దాన్ని పెరట్లో పాతి, పైన కొబ్బరి మొక్క నాటుతాం. చర్చికి వెళ్ళే మేమూ అంతే, కోవెలకు వెళ్ళేవాళ్ళూ అంతే. అది ఆ బిడ్డ బొడ్డు చెట్టు. దాన్ని ఎవరూ కొట్టరు. కొట్టక తప్పని రోజు వస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. చావు జరిగిన ఇంటికి తెచ్చినట్టే ఇరుగుపొరుగు వాళ్ళు అన్నం వండి తెస్తారు.

సంఘం పెట్టిన మొదటి ఏడే పక్కింటి బంగారమ్మ వదిన పెరట్లో ఉప్పునీళ్ళు ఎక్కి ఒక చెట్టు ఎండిపోయింది. అది ఆమె కూతురి బొడ్డు చెట్టు. ఆ పిల్ల ఏడేళ్ళకే జ్వరంతో పోయింది. వదిన ఆ చెట్టును వాటేసుకుని వదల్లేదు. ఇంకో నెల ఆగమని బతిమాలింది. రంపం తెచ్చిన మనిషి నా మొహం చూశాడు. ఒక్కరికి వదిలితే అందరికీ వదలాలి వదినా అన్నాను. గొంతు ఎక్కడా తొణక్కుండా అన్నాను. చెట్టు పడింది, మోడు లేచింది, అంతా కాల్చారు. ఆ సాయంత్రం అన్నం, చేపల పులుసు వండి నేనే పట్టుకెళ్ళాను. ఆమె తింది. నియమానికి కట్టుబడ్డ మనిషినని ఆ రోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

అదే ఏడు నవంబరు వానల్లో నా పెరట్లో పిడుగు పడింది. పడింది ఆరన్ చెట్టు మీద.

ఆరన్ నా కొడుకు. పంతొమ్మిదేళ్ళకు తెలుక్ ఇంతాన్ రోడ్డు మీద మోటార్‌బైకు మీంచి పడి పోయాడు. వాడు పోయాక కూడా చెట్టు కాసింది. ఏటేటా గెలలు దించి, ఆ కాయలు మాత్రం నూనెకు పంపకుండా ఇంట్లో వాడుకునేదాన్ని. పిడుగు దెబ్బకు చెట్టు మనిషి ఎత్తున విరిగింది. పైముక్క నియమం ప్రకారం కాల్పించాను. మోడు ఉంచుకున్నాను. మోడు చెట్టు కాదు కదా, పందిరి గుంజ అనుకుంటే పోలా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చుట్టూ తమలపాకు తీగ పాకించాను. మూడు నెలల్లో పచ్చగా కప్పేసింది. శనివారం శనివారం తోటలు తనిఖీ చేసేది నేనే కాబట్టి నా తోటను తనిఖీ చేసేవాళ్ళు లేరు. పుస్తకంలో నా పేరెదుట "చచ్చిన చెట్లు లేవు" అని రాసుకుంటూ పోయాను. కంచే చేను మేస్తే అడిగేదెవరు?

రోజూ పొద్దున్నే వెంకటసామి మావ వచ్చేవాడు. డెబ్బై దాటిన మనిషి, మా వాడలో కొబ్బరి గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తమలపాకులకొచ్చానమ్మా అని పెరట్లోకి వెళ్ళి అరగంటకు గానీ వచ్చేవాడు కాదు. నోట్లో నాలుగు పళ్ళు పెట్టుకుని మేకలా ఇన్ని ఆకులేం నములుతావు మావా అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. ఆయన బాతులు మాత్రం ఆ రెండేళ్ళలో నడవలేనంత బలిశాయి.

మూడో ఏట మావకు మోకాలి ఆపరేషన్ అని కూతురు సుమిత వచ్చి సుంగై పెటానిలో తన ఇంటికి తీసుకుపోయింది. వెళ్ళే ముందు మావ నా గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. ఏదో చెబుతాడనుకున్నాను. తమలపాకు తీగ ముదిరిపోయింది, తీసేసి కొత్తది వేసుకో అన్నాడు. సరే అన్నాను. తీయలేదు.

ఆయన వెళ్ళిన మూడో నెలకు ఆకులు కత్తెర పడటం మొదలైంది. ముందు లేత మొక్కలు పోయాయి. అందరం ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని నాటిన ఆరువందల మొక్కలు అవి. తర్వాత పెద్ద చెట్లకు పట్టింది. వాసన పెట్టి పురుగుల్ని పట్టే బుట్టలు వాడంతా కట్టాం. అన్నిటికంటే నా ఇంటి దగ్గరి బుట్టే నిండేది. చూశారా, నా బుట్ట ఎంత బాగా పనిచేస్తోందో అని చెప్పుకున్నాను.

గూడు ఎక్కడుందో తేలలేదు. నాకు కోపం. ఎవరో నియమం తప్పారని కోపం. బంగారమ్మ వదిన పెరట్లో పీచు పోగు ఒకటి తిరగేయకుండా ఉంటే, అందరి ముందూ ఆమెను నిలబెట్టి అడిగాను. నీ బద్ధకానికి పంతొమ్మిది ఇళ్ళు బలి కావాలా అన్నాను. పారతో పోగు తిరగేయించాను. అందులో పురుగు లేదు. వదిన నా వైపు ఒకసారి చూసి, చెదిరిన పీచు మళ్ళీ పోగు చేసుకుంది.

సంస్థ వాళ్ళు చివరి పరీక్షకు వచ్చారు. సగం తోట మొవ్వుల్లేకుండా నిలబడి ఉంది. మర్యాదగానే మాట్లాడారు, టీ తాగారు, యోగ్యతాపత్రం ఇవ్వలేమన్నారు. మిల్లు ఇంకో జిల్లాకు పోయింది. పక్క పామ్ తోటల్లోంచి కూడా పురుగు రావచ్చని వెళ్తూ వెళ్తూ ఓదార్చారు. కావచ్చు.

ఆ మర్నాడు తమలపాకులు కోద్దామని వెళ్ళి మోడు మీద చెయ్యి వేశాను. చెయ్యి లోపలికి దిగిపోయింది. తీగ లాగి చూశాను. బొటనవేలంత తెల్లటి పిల్లపురుగులు, ఒకదాని మీద ఒకటి. వెనక వైపు, ఇంట్లోంచి కనపడని చోట, ఉలితో చెక్కిన నాలుగు కన్నాలు ఉన్నాయి. ఒక్కోదానికీ పీచు ఉండ బిగించి ఉంది. పక్కనే మేకుకు పురుగుల్ని లాగే ఒక ఇనుప కొక్కెం, ఒక ఖాళీ పాలడబ్బా వేలాడుతున్నాయి. ఆ కొక్కెం ఎవరిదో వాడలో అందరికీ తెలుసు.

సుంగై పెటానికి ఫోన్ చేశాను. సుమిత ఎత్తి, ఇక్కడి యాసలో, "నాన్నకి ఇంకా నడక రాలేదు లా, ఎక్కువసేపు మాటాడించకు అక్కా," అని ఫోన్ ఇచ్చింది. మోడు చూశాను మావా అన్నాను.

"రోజూ ఏరినానమ్మా," అన్నాడు. "ఒక్క రోజు కూడా మానలేదు. బాతులకేసినాను."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. అరిచాననుకుంటాను.

"ఏటని సెప్తాను? ఆరన్ సెట్టు కొట్టీమని నా నోటితో నాను సెప్పాలా? నాను బతికున్నన్నాళ్ళూ ఏరితే సాలనుకున్నాను. మోకాలు ఇలాగైపోద్దని తెల్దు కదమ్మా."

ఆదివారం సంఘాన్ని పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఎవరో కుర్చీ జరుపుకున్నారు, అంతే. బంగారమ్మ వదిన లేచి నిలబడింది.

"నాకు తెల్సు," అంది. "కంచె పక్కే కదా నా పెరడు. సెప్పొద్దని మావ నా సేత ఒట్టేయించుకున్నాడు. పావం, తల్లి కదా అని ఊరుకున్నాను. నా పీసు పోగు తిరగేయించిన్నాడు కూడా ఊరుకున్నాను."

పంతొమ్మిది ఇళ్ళను నాశనం చేసింది పురుగొక్కటే కాదు. నా మీద వాళ్ళు చూపిన దయ, దానికి తగని నేను. ఆ నెలలోనే నాతో కలిపి పదకొండు ఇళ్ళవాళ్ళం భూములు అమ్ముతూ తౌకేకి సంతకాలు పెట్టాం. మిగిలినవాళ్ళు వచ్చే నెల పెడతారు. సోమవారం నుంచి పెద్ద యంత్రాలు వస్తాయట.

యంత్రం చేత పడటం ఇష్టం లేక శనివారం నేనే రంపం మనిషిని పిలిపించుకున్నాను. మోడు కొట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వేళ్ళతో సహా తవ్వించి కాల్పించాను. పుస్తకం తెరిచి నా పేరెదుట "చచ్చిన చెట్టు ఒకటి, తీసివేయబడినది" అని రాశాను. ఆ రాతతో ఎవరికీ పని లేదు.

తర్వాత ముందు గుమ్మంలో కూర్చున్నాను. పొయ్యి వెలిగించలేదు. వాడలో అందరికీ మోడు కాలిన పొగ కనబడే ఉంటుంది, ఏ చెట్టో తెలిసే ఉంటుంది. అయిదింటికి బంగారమ్మ వదిన తన వాకిలి ఊడ్చుకుంది. నా వైపు చూసింది, చీపురు గోడకు ఆనించి లోపలికెళ్ళింది. కాసేపటికి వాళ్ళింట్లో చేపల పులుసు వాసన వచ్చింది. నేను కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

ఏ ఇంటి నుంచీ గిన్నె రాలేదు. దీపాలు పెట్టే వేళ దాకా చూసి, లోపలికి వెళ్ళి, గ్యాస్ పొయ్యి నేనే వెలిగించుకున్నాను.