కలలో వాలిన భుజం

కళ్ళు మూసుకుంటే మనుషులకు బొమ్మలు కనబడతాయన్న సంగతి కొలతలమ్మకు ఇరవై ఆరో ఏట తెలిసింది. అప్పటిదాకా "కళ్ళకు కట్టినట్టు" అని జనం మాటవరసకు అంటారనుకుంది. ఆమె కళ్ళు మూసుకుంటే చీకటే. మంచి నల్లటి, ఒక్క ముడత కూడా లేని చీకటి.

కొలతలమ్మ అని పేరు పెట్టింది ఆమె పనిచేసే దర్జీ దుకాణం మాస్టరు. ఎవరి ఛాతీ ఎంత, ఎవరి చెయ్యి పొడవెంత అంటే మూడేళ్ళ కిందటివి కూడా పుస్తకం తియ్యకుండా చెప్పేది. ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందంటే మాత్రం బిక్కమొహం వేసేది.

"పోనీ నేనెలా ఉంటానే?" అని అక్క అడిగేది. అక్క అదే దుకాణంలో కాజాలు కుట్టేది. సూదికెంత పదునో నోటికీ అంతే.

"నడుం ముప్పై నాలుగు."

"నెమ్మదిగా చెప్పవే తల్లీ! నేనడిగింది ముఖం సంగతి."

కొలతలమ్మ కళ్ళు మూసుకుని కాసేపు తంటాలు పడింది. "ముక్కు ఉంటుంది."

"సంతోషం. నీకు గుర్తుంటుందనే పెట్టుకున్నాను."

నవ్వులాట బాగానే ఉంది గానీ, ఆ వేసవిలో అది పీకల మీదికొచ్చింది. మాస్టరుకు చేతులు వణకడం మొదలైంది. నెలాఖరుకు కత్తెర వదిలేస్తానన్నాడు. కటింగ్ బల్ల కొలతలమ్మకివ్వాలా, పక్కవీధి కట్టర్ని పిలవాలా అన్నది తేల్చుకోలేకపోయాడు.

"నువ్వు కొలతలకు కోస్తావమ్మా, మనిషికి కొయ్యవు. కత్తెర పెట్టకముందే ఆ బట్ట ఆ మనిషి ఒంటి మీద కనబడాలి."

"కనబడదండీ."

"ఎప్పుడూనా?"

"కలలో అయితే రంగులతో సహా కనబడుతుందండీ."

అక్క సూది ఆపింది. "పగలంతా తాళం, నిద్రపోతేనే ఆట. ఇదెక్కడి సినిమా హాలే!"

ఉపాయం కూడా అక్కే చెప్పింది. భోజనాలయ్యాక పది నిమిషాలు కునుకు తియ్యాలి. మెలకువ రాగానే కళ్ళు తెరవకూడదు. పారిపోతున్న కల కొంగు పట్టుకుని ఎన్ని అంకెలు లెక్కపెట్టగలిగితే అంతసేపు నిలపాలి. కొలతలమ్మ బట్టల మూటకు తల ఆనించి కునికేది. అక్క గుండీల డబ్బా గలగలలాడించి లేపేది. మొదటి వారం ఒక్కటంటే ఒక్క పచ్చ గుండీ, అదీ రెండు లెక్కపెట్టేలోగా మాయం. రెండో వారానికి ఓ జేబు. మూడో వారానికి గురక.

"ఇది చూడ్డం నేర్చుకుంటోందో, పడుకోవడం నేర్చుకుంటోందో!" అన్నాడు మాస్టరు.

నెలాఖరున పోస్ట్‌మన్ కోటు గుడ్డ తెచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉత్తరాల సంచీ మోసిన మనిషి, వచ్చే వారమే రిటైరవుతున్నాడు. తోటివాళ్ళు చందాలేసుకుని కొనిచ్చిన గుడ్డ. సరిగ్గా కోటుకు సరిపోతుంది, జానెడు మిగలదు.

"ఇది నువ్వు కొయ్యి. అతని ఒంటి మీద సరిగా కూర్చుంటే బల్ల నీది" అన్నాడు మాస్టరు.

కొలతలమ్మ అతని వెనక నిలబడి భుజాలు కొలిచింది, చేతులు కొలిచింది. మర్నాడు పొద్దున్నే గుడ్డ రెండు మడతలేసి సుద్దతో గీతలు గీసింది. గీతల్లో వంక పెట్టడానికేమీ లేదు. మాస్టరు చూసి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" ఆమెకు అన్నం సహించనివ్వలేదు.

మధ్యాహ్నం కునుకులో పోస్ట్‌మన్ కనిపించాడు. కొత్త కోటేసుకుని, జేబుల్లోంచి ఉత్తరాలు రాలిపోతుంటే ఎదురుగా నడిచి వస్తున్నాడు. ఒక భుజం కిందికి వాలి ఉంది. ఆ వైపు కోటు ముడతలు పడి వేలాడుతోంది. గుండీల డబ్బా గలగలలాడింది. కొలతలమ్మ కళ్ళు తెరవలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. భుజం కదలలేదు.

లేచి ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళింది. మడత విప్పేసింది. మడతలో కోస్తే రెండు భుజాలూ ఒక్కలాగే వస్తాయి. ఇప్పుడు ఒకదాన్ని దించాలి. కలలో వాలింది ఆమె కుడివైపున. కుడి భుజం అరంగుళం దించి గీసి, కత్తెర తెరిచింది.

అప్పుడు ఆమె ఎడమచెయ్యి ఊరుకోలేదు. కొలిచేటప్పుడు టేపు ఆ చేతి కిందే కదా జారింది! రెండుసార్లు జారితే బొటనవేలితో నొక్కిపట్టింది. నిలబడింది అతని వెనక. అంటే వాలింది అతని ఎడమ భుజం. మరి కలలో కుడి?

"అయ్యో, ఎదురుగా వచ్చాడుగా!" అని పైకే అనేసింది. ఎదురుగా వచ్చే మనిషి ఎడమ తనకు కుడి అవుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. పాపం, మనసులో మనిషిని నిలబెట్టుకోవడం ఆమెకిదే మొదలు. నాలుక కరుచుకుని, సుద్ద చెరిపి, ఎడమవైపు గీసి, కత్తెర నడిపించింది.

మాస్టరు హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. "కత్తెర ఆ కుడి గీత మీద పెట్టుంటే అరుద్దామని నోరు తెరుచుక్కూర్చున్నాను."

"ఆవలింత అనుకున్నానండీ" అంది అక్క.

"భుజం సంగతి మీకు ముందే తెలుసాండీ?"

"అతను మెట్లెక్కుతున్నప్పుడే. అందుకేగా నీకిచ్చింది."

వారం తిరిగేసరికి పోస్ట్‌మన్ అద్దం ముందు నిలబడి ఇటూ అటూ తిరిగి చూసుకున్నాడు. "నా భుజాలు రెండూ సమానమయ్యాయేంటమ్మా!" అని మురిసిపోయాడు. మాస్టరు కత్తెర తుడిచి బల్ల మీద పెట్టాడు, పిడి ఆమె వైపుకు తిప్పి.

ఆ మధ్యాహ్నం అక్క వదల్లేదు. "కోటు కనిపించింది, ఊళ్ళో వాళ్ళ పోస్ట్‌మన్ కనిపించాడు. తోడబుట్టినదాన్ని, ఇప్పుడు నన్ను చూడు. నిద్రపోకూడదు సుమా."

కొలతలమ్మ కళ్ళు మూసుకుంది. చీకటి. చాలాసేపు చీకటే. ఆ తర్వాత దాని నడుమ బొటనవేలంత మేర మసగ్గా ఏదో తేలింది.

"అక్కా, వచ్చింది!"

"ఏదీ, ఏం కనిపిస్తోంది?"

"ముక్కు."

"మిగతా ముఖమేదే?"

"గుడ్డ చాల్లేదు" అంది కొలతలమ్మ, కళ్ళు తెరవకుండానే, అది చెదిరిపోతుందేమోనని.