షెరీఫ్ గారి కాగితాలు

ఒంటి రంగు చూసి జనాన్ని రోడ్డు మీద ఆపొద్దని జడ్జి ఇచ్చిన ఆర్డరును మా ప్రాంతపు పోలీసు పెద్ద, షెరీఫ్, పద్దెనిమిది నెలలు ఖాతరు చేయలేదు. ఈ ఆరిజోనాలోనే పుట్టిన మా అన్న ఎవరిస్టోను కూడా ఈ దేశస్థుడివేనా, కాగితాలు చూపించమని మూడు గంటలు ఎండలో నిలబెట్టాడు. ఆర్డరును ధిక్కరించినందుకు కోర్టు షెరీఫ్‌ని దోషి అని తేల్చింది. శిక్ష వేసేలోపే ప్రెసిడెంటు క్షమాభిక్ష పెట్టేశాడు.

ఆ ఆదివారమే షెరీఫ్ సిగ్గు లేకుండా మా హోటల్‌కొచ్చి మా మెక్సికన్ల మెనూడో సూప్ అడిగాడు.

"ఇంకా మొహం ముడుచుకుంటావేంటి డెల్ఫీనా? ప్రెసిడెంటే క్షమించేశాడుగా."

"ఆయన్నెప్పుడు ఎండలో నిలబెట్టారు మీరు, ఆయన క్షమించడానికి?" అని చెయ్యి చాచాను. "కాగితాలు చూపించండి."

"నేనెవరో తెలీదా నీకు?"

"మా అన్నెవరో మీకు తెలీదా? మీ అబ్బాయికి బేస్‌బాల్ నేర్పింది ఆయనే."

హోటల్లో తింటున్నవాళ్లంతా మావైపు తిరిగారు. షెరీఫ్ నవ్వాడు. తోడుగా ఎవరూ నవ్వకపోయేసరికి డ్రైవింగ్ లైసెన్సు తీసి బల్ల మీద పడేశాడు. పొయ్యి దగ్గరున్న అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, దాన్ని తిప్పి తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు.

"సరిచూడాలి. మూడు గంటలు పడుతుంది, కూర్చోండి," అన్నాడు. "మీ అదృష్టం, ఇక్కడ ఏసీ ఉంది."