ఉప్పు అందించండి వదినగారూ

హోటలు మెట్లెక్కుతూ కూతురు మరోసారి హెచ్చరించింది.

"అమ్మా, గుర్తుందిగా? వాళ్ళమ్మగారు వస్తున్నారు. పరిచయం, తిండి, కబుర్లు. అంతే. పెళ్ళి మాట నీ నోట రాకూడదు."

"నాకెందుకొస్తుందే? నేనేమైనా చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లవైతే బాగుండేది, ఓ చాక్లెట్టిచ్చి కూర్చోబెట్టేదాన్ని. ఈసారీ నోరు జారావో, ఇంక జన్మలో నీకేదీ చెప్పను."

తల్లి నవ్వేసింది గానీ ఆ చివరిమాట లోపల ముల్లులా దిగబడింది. ఇంట్లో ఆమెకు రేడియో అని పేరు. భర్త పెట్టాడు. పోయినేడాది కూతురు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని చెవిలో చెబితే, పొద్దుగూకేలోగా బంధువులంతా ఫోన్లు చేసి పిల్లను పరామర్శించారు. ఆ తర్వాత చాన్నాళ్ళు కూతురు తల్లితో ఎండా వానా తప్ప మరో సంగతి మాట్లాడలేదు. కొత్త ఉద్యోగం వచ్చిన కబురు పక్కింటావిడ చెబితే తెలిసింది.

లోపల ఓ పక్క పొడవాటి చెక్కబల్ల వెనక సీసాలు తళతళలాడుతున్నాయి. మరో పక్క ఇత్తడి బాకా గ్రామఫోను, వేలు పెట్టి తిప్పే ఫోను, రెక్కలు బద్ధకంగా తిరిగే పంకా. కొత్తగా కట్టిన గోడకు పనిగట్టుకుని పెచ్చులూడదీశారు. దాని ముందు నిలబడి జనం ఫొటోలు దిగుతున్నారు.

"మనింట్లో ఇంత పెచ్చు ఊడితే మీ నాన్నని నిద్రపోనిస్తానా?" అంది తల్లి.

"ఇది వింటేజ్ అమ్మా."

"ఓహో. అయితే నేనూ మీ నాన్నా కూడా వింటేజే."

మఖమల్ కుర్చీ అంచును మాత్రం వేళ్ళతో తడిమి చూసింది. కుట్టు ఎక్కడా వంకరపోలేదు. సరే, కూర్చోవచ్చు.

కూతురు ఇష్టపడ్డ, ఇళ్ళకు ప్లాన్లు గీసే కుర్రాడు, వాళ్ళమ్మ అప్పటికే వచ్చి ఉన్నారు. ఆవిడ పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నవ్వితే ముందు పళ్ళకేసే చూస్తుంది. అందుకని తల్లి పెదాలు బిగించి నవ్వింది.

"ఇంతకీ ఈ బ్రంచ్ అంటే టిఫినా, భోజనమా?" అనడిగింది మెనూ తిరగేస్తూ.

"రెండూ ఎగ్గొట్టి వచ్చినవాళ్ళకి పెట్టేదండీ," అంది డాక్టరు. "అందుకే పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు నేను."

ఇక ఇద్దరికీ మాటలు కలిశాయి. కుర్చీలో కూర్చోగానే నొప్పి పోయిందని పారిపోయే పేషెంట్ల గురించి డాక్టరు చెబుతుంటే, బిగించిన పెదాలు ఎప్పుడు విడిపోయాయో తల్లికే తెలియదు. ఆమ్లెట్లు వచ్చాయి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, చనువుగా చెయ్యి చాపింది.

"ఆ ఉప్పు కాస్త ఇలా అందించండి వదినగారూ."

నాలుగు ఫోర్కులూ ఆగిపోయాయి.

అక్కగారూ అన్నా పోయేది. డాక్టరుగారూ అన్నా మర్యాదగా ఉండేది. పిల్ల తల్లీ పిల్లాడి తల్లీ ఎదురెదురుగా కూర్చుని వదినగారూ అనుకున్నాక ఇంక మిగిలేదేముంది, శుభలేఖలు పంచేసినట్టే. కుర్రాడు తన జ్యూసు గ్లాసులో ఏదో పడిపోయినట్టు తొంగి చూశాడు. బల్ల కింద కూతురి కాలు వచ్చి తల్లి చీలమండకు తగిలింది.

"అలవాటండీ," అంది తల్లి గబగబా. "నేను అందర్నీ వదినగారూ అనే పిలుస్తాను."

"అవునాంటీ. అందర్నీ," అంది కూతురు, ముఖాన నవ్వు మేకు కొట్టి తగిలించినట్టుంది.

"ఎవర్నైనానా?" డాక్టరు ఉప్పు అందించకుండా అడిగింది.

"ఎవర్నైనా."

అన్నాక నిలబెట్టుకోవాలి కదా. కాఫీ తెచ్చిన పిల్లకు ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. "వదినగారూ, ఇంకాస్త పాలు," అంది తల్లి. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. పక్కబల్ల పెద్దావిడ రుమాలు జారిపడితే తీసిచ్చి, "మీ రుమాలు వదినగారూ," అంది.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "మా ఆయనకి చెల్లెళ్ళు లేరే!"

కుర్రాడికి పొలమారింది. అప్పుడే అటువైపు మీసాల మేనేజరు వస్తుంటే, "మరి ఈయన్నేమంటారు?" అని డాక్టరు మెల్లిగా ఎగదోసింది.

"అన్నయ్యగారూ, అన్నీ చాలా బాగున్నాయండీ," అంది తల్లి నీరసంగా. అన్నయ్యగారు పొంగిపోయి అందరికీ తలో కేకుముక్క పంపించాడు. కూతురు మాత్రం తన ముక్క ముట్టుకోలేదు.

చేతులు కడుక్కోవడానికి వెళితే డాక్టరు వెనకాలే వచ్చింది. మరకలు పడ్డ పాతకాలం అద్దం ముందు నిలబడి, మోచేతుల దాకా సబ్బు రాసుకుంటూ గొంతు తగ్గించింది.

"పిల్లలు లేరు కదా, ఇప్పుడు చెప్పండి. మావాడు మీ అమ్మాయిని అడిగాడా లేదా? వాడు నా దగ్గర నోరు విప్పడు. మీకు తెలిసే ఉంటుంది."

తల్లికి తెలుసు. పోయిన ఆదివారం కూతురు కిటికీ దగ్గర కూర్చుని ఉంగరం వేలికి దారం చుట్టి కొలత చూసుకుంటుంటే గుమ్మంలోంచి చూసింది. చూడనట్టు వంటింట్లోకి వచ్చేసింది. అప్పట్నించీ ఆ దారం గొంతులోనే చుట్టుకుని ఉంది. ఇప్పుడొక్క మాట చాలు. వినేది ఎవరో కాదు, వాళ్ళమ్మే. తెలిస్తే సంతోషించే మనిషి.

"నాకేం తెలియదండీ," అంది. "వాళ్ళు చెప్పినప్పుడు విందాం."

"పోనీ మీకేమనిపిస్తోంది?"

"కేకులో తీపి కాస్త ఎక్కువైందనిపిస్తోంది."

డాక్టరు కుళాయి కట్టేసింది. "ఎంత పీకినా కదల్లేదు. గట్టివారే మీరు."

తల్లి ఈసారి బాహాటంగా నవ్వింది.

"పైన ఎడమవైపుది మాత్రం ఓసారి చూపించుకోండి," అంది డాక్టరు.

వీధిలోకొచ్చాక కూతురు నాలుగడుగులు ముందే నడిచింది. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ తల్లి వెనకే నడిచింది. క్షమించమందామంటే, మళ్ళీ నోరు తెరవాలి. ఇంతలో కూతురి ఫోన్లో మెసేజ్ మోగింది. చదువుకుని ఆగిపోయింది.

"లోపల ఆంటీ నిన్నేమడిగారు?"

"ఏదో పళ్ళ సంగతి."

"అబద్ధం. నీ దగ్గర ఒక్క ముక్క కూడా రాబట్టలేకపోయానని కార్లో వాడి ప్రాణం తీస్తున్నారట." కూతురు తల్లి ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఆ రోజు దారం చూశావు కదూ?"

"చూశాను."

"ఎవరికీ చెప్పలేదా? నాన్నకి కూడా?"

"మీ నాన్న నిద్రలో మాట్లాడతాడు. ఎందుకొచ్చిన గొడవ?"

"ఇన్నాళ్ళూ ఎలా ఉండగలిగావే?"

"కడుపుబ్బిపోయిందే తల్లీ."

కూతురు ఆపుకోలేక పకపకా నవ్వింది. నవ్వుతూనే తల్లి చెయ్యి పట్టుకుని, మూసి ఉన్న పుస్తకాల షాపు ముందు అరుగు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది.

"అయితే విను. మొదట్నించీ చెబుతాను."

కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచక తల్లి కొంగు అంచును తన ఉంగరం వేలికి చుట్టి విప్పసాగింది. తల్లి తొందరపెట్టలేదు.