ఎర్ర అంచు షేర్ పత్రం

ఊరూరా కేటలాగులు పంచి, కుట్టుమిషన్ల నుంచి కోటు గుండీల దాకా పోస్టులో అమ్మిన బ్రాడ్‌వెల్ అండ్ హేగ్ కంపెనీ షికాగోలో మూతపడి చాలా కాలమైంది. దాని పాత షేర్ పత్రాలు పోగుచేయడంలో ఇలినాయ్ రాష్ట్రం మొత్తం మీద ఆర్డిస్ వాల్మర్‌ను మించినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ పడుచుతనంలో ఆ కంపెనీ గోదాములోనే పార్సెళ్ళు కట్టింది. నీలం అంచువి, ఆకుపచ్చవి, గోధుమరంగువి అన్నీ ఆర్డిస్ దగ్గరున్నాయి. కంపెనీ పెట్టినాయన స్వయంగా సంతకం చేసిన ఎర్ర అంచు పత్రం ఒక్కటే ఆమెకు చిక్కలేదు.

అది పక్కింటి మెరిల్‌కు దొరికింది. అతనికి ఈ పిచ్చి అంటించింది ఆమే. చనిపోయిన ఒక రైతు ఇంట్లో సామాను వేలం వేస్తుంటే అతనొక టోపీ పెట్టె కొన్నాడు. దాని అడుగున ఉంది పత్రం.

"గురువుగారూ, మీరు అసలుదంటేనే నేను నమ్ముతా," అని తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

సిరా కాగితంలోకి ఇంకిన తీరు చూడగానే అది అసలుదేనని ఆర్డిస్‌కు తెలిసిపోయింది. ఎండనక, మంచు అనక పాత సామాన్ల సంతలన్నీ తిరిగింది తను. నిన్నగాక మొన్న ఓనమాలు దిద్దినవాడి ఒళ్ళో వచ్చి పడింది ఇది.

"ఎవరో తర్వాత అచ్చేసిన నకలు," అంది కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"పోనీలెండి, రంగు బావుంది," అన్నాడు మెరిల్. పటం కట్టించి వంటింట్లో, కిటికీకి ఎదురుగా తగిలించాడు.

గురువారం గురువారం అక్కడికి కాఫీకి వెళ్ళడం ఆర్డిస్‌కు అలవాటు. ఇప్పుడు పటానికి పక్కకు తిరిగి కూర్చుంటోంది. అయినా ఓరకంట కనబడుతూనే ఉంది. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది.

"ఆ కిటికీకి తెర వేసుకోరాదూ?" అంది ఒకసారి.

"నకలుకు తెరెందుకండీ?"

ఆగస్టు వచ్చేసరికి ఎర్ర అంచు గులాబీ రంగుకు దిగింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"మెరిల్, అది అసలుదే. ఓర్వలేక అబద్ధం చెప్పాను. అక్కణ్ణుంచి తీసెయ్ ముందు."

మెరిల్ తొణక్కుండా కప్పులో కాఫీ పోశాడు. "తెలుసండీ. ఆ రోజే మీ గొంతు తేడాగా ఉంది. షికాగోలో ఇలాంటి పత్రాలు తెలిసిన ఇంకొకాయనకు చూపించా. అసలుది బ్యాంకు లాకర్లో ఉంది. ఇది రంగుల జిరాక్సు."

ఆర్డిస్ లేచి మొదటిసారి పటం దగ్గరికి వెళ్ళింది. అద్దానికి ముక్కు ఆనించి చూసింది. యంత్రం వేసిన సన్నటి చుక్కలు. ఏ కొత్తవాడైనా పట్టేవాడే. అసూయకొద్దీ ఆమె దాన్ని ఇన్నాళ్ళూ తిన్నగా చూడనే లేదు.

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశా. అది మీకు దొరికుంటే నాకూ మండేది లెండి. ఇంకో ముక్క వేసుకోండి," అంటూ రుబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె పళ్ళాన్ని ఆమె ముందుకు జరిపాడు.

నెలల తరబడి ఇంత కడుపులో పెట్టుకుని, నవ్వు చెదరకుండా కాఫీ పోశాడు ఈ మనిషి. తను ఒక్క వారమైనా అలా ఉండగలిగేదా? పత్రం మాట అటుంచి, ఇప్పుడు ఆ నిబ్బరం మీద కుళ్ళు పుట్టింది ఆమెకు. రొట్టె ముక్కను మాత్రం కాదనలేదు.