తాడు లావెంత?

మా అపార్టుమెంటులో నన్ను అందరూ ‘బ్రేకు’ అంటారు. నా ముందు కాదు, నేను మెట్ల మలుపు తిరిగాక. పద్దెనిమిదేళ్లుగా లిఫ్టు మెకానిక్కుగా బతుకుతున్నవాడికి ఇంతకన్నా పెద్ద బిరుదు ఎవరిస్తారు? చిన్న చప్పుడు వినబడినా లిఫ్టు ఆపేస్తాను. నాలుగో అంతస్తు దర్జీ ఆవిడ బట్టల మూటలతో మెట్లెక్కుతూ తిట్టిన తిట్లు రాస్తే పుస్తకమవుతుంది. తిట్టనీ. తాడు తెగితే ఎవరిని తిడుతుంది?

మాది తొమ్మిదో అంతస్తు. అక్క నాతోనే ఉంటుంది. ఫిజిక్సు టీచరు. రెండేళ్ల కిందట వానలో నా స్కూటరు జారింది. వెనక కూర్చున్న అక్కకి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఆ రోజు నుంచి అక్క చక్రాల కుర్చీలో ఉంది. ఆసుపత్రికి తప్ప కిందికి దిగలేదు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇన్నాళ్లకి పక్క వీధి బడివాళ్లు అక్కకి కబురు పెట్టారు. మర్నాడు పదకొండింటికి వెళ్లి ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. వెళ్లకపోతే అది ఇంకొకరికి.

ఆ సాయంత్రం అక్క నన్ను బాల్కనీలో నిలబెట్టి పాఠం మొదలుపెట్టింది.

“ఆ దండెం చూడు. ఎలా కనబడుతోంది?”

“బట్టలు ఆరేసినట్టు.”

“వెధవా, నేనడిగేది తాడు సంగతి. గీతలా లేదూ? గీత మీద ముందుకో వెనక్కో పోవాలి. కానీ చీమకి ఇంకో దారుంది. తాడు చుట్టూ తిరగొచ్చు. దూరం నుంచి చూసేవాళ్లకి ఆ దారి కనబడదు. అలాగే ఈ లోకంలో కూడా పొడవు, వెడల్పు, ఎత్తు కాక, మన కంటికి ఆననంత చిన్నగా చుట్టుకున్న దిక్కులు ఉండొచ్చంటారు కొందరు సైంటిస్టులు. అన్నిటికీ మూలం సన్నటి తీగలేనంటారు.”

“ఎవరైనా చూశారా?”

“ఇంకా లేదు. లెక్కల్లో ఉన్నాయి.”

“నా తాళ్లే నయం. ముట్టుకుంటే చేతికి గ్రీజైనా అంటుతుంది.”

అక్క పకపకా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. రేపు నిజంగానే వెళ్లేట్టుంది.

పొద్దున్న ఎనిమిదింటికే మేడమీది మోటారు గదిలోకి వెళ్లాను. మా లిఫ్టుకి నాలుగు ఉక్కు తాళ్లు. కొత్తలో ఒక్కోటి పదమూడు మిల్లీమీటర్ల లావు. అరిగి పన్నెండుకి దిగితే మార్చాల్సిందే. మొదటి తాడుకి లావు కొలిచే వెర్నియరు పెట్టాను. పదకొండు పాయింటు తొమ్మిది. ఇంకో రెండు చోట్ల చూశాను. అంతే. లిఫ్టు ఆపి, బోర్డు తగిలించి, ఇంటికొచ్చాను. నిజం చెప్పాలంటే నా అడుగులు తేలిగ్గా పడుతున్నాయి.

అక్క ఇస్త్రీ బట్టలతో తయారై కూర్చుంది.

“తాడు అరిగిపోయిందక్కా. ఇవాళ కుదరదు.”

మొహం పాలిపోయింది. కానీ అడగాల్సింది అడిగింది.

“ఎన్ని చోట్ల కొలిచావు?”

“మూడు చోట్ల. పొడవునా.”

“మరి చుట్టూ?”

మా తాడు ఎనిమిది పేటలు మెలేసింది. పేటల వీపుల మీద పట్టి కొలవాలి. రెండు పేటల మధ్య పల్లంలో పడితే లావు తక్కువ చూపిస్తుంది. పనిలో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదటి రోజే చెప్పే మాట ఇది. నాకు తెలియక కాదు. నా చెయ్యే పల్లం వెతుక్కుంది.

“తాడు నిజంగా పాడైతే నేను కదలను,” అంది అక్క. “నీ భయమే దాన్ని పాడు చేస్తే మాత్రం ఊరుకోను. ఇటు చూడరా. బండి నడిపింది నువ్వు. జారింది రోడ్డు. నీ తప్పు లేదని చెప్పక్కర్లేదనుకున్నాను. చెప్పకపోవడం నాదే తప్పు.”

నేను మళ్లీ పైకి పరిగెత్తాను. ఈసారి ప్రతి చోటా వెర్నియరుని తాడు చుట్టూ తిప్పి, అన్నిటికన్నా పెద్ద లెక్క తీసుకున్నాను. పన్నెండు పాయింటు ఏడు. నాలుగు తాళ్లూ చూశాను. తెగిన పోగు ఒక్కటి కూడా లేదు. పదిన్నరకి బోర్డు తీసేశాను.

“నేనూ వస్తాను,” అన్నాను లిఫ్టు దగ్గర.

“వద్దు. నువ్వొస్తే నువ్వు తీసుకెళ్లినట్టుంటుంది.”

లోపలికి వెళ్లి జాలీ తలుపు తనే లాక్కుంది. నేను మెట్లెక్కి మోటారు గదిలో నిలబడ్డాను. తాళ్ల మీద అంతస్తుకొకటి చొప్పున పసుపు రంగు గుర్తులు వేసి ఉంటాయి. ఒక్కొక్కటే కదిలిపోయాయి. ఆఖరి గుర్తు రాగానే మోటారు చక్రం ఆగింది. ఎవరు పిలిచినా మోటారు తిరగకుండా స్విచ్ నొక్కేసి తాడు మీద అరచెయ్యి పెట్టాను.

ఏ కదలికా లేదు.

నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. వీధిని చూసి భయపడిందేమో. కిందికి దూకుదామన్నంత ఆత్రం కలిగింది నాకు. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. రెండేళ్లలో నేను అక్క కోసం చేసిన కష్టమైన పని అదొక్కటే.

తాడు సన్నగా వణికింది. చిన్న చక్రాలు గడప దాటాయి. ఆ వెంటనే ఇంకోసారి, గట్టిగా. పెద్ద చక్రాలు.

స్విచ్ వదిలాను. లిఫ్టు మాత్రం కదల్లేదు. నాలుగో అంతస్తు నుంచి దర్జీ ఆవిడ కేకలు మొదలయ్యాయి, “కింద జాలీ తలుపు వెయ్యకుండా పోయిందెవరు? బుద్ధుందా?”

మా అక్కే. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. నేను ఏడుస్తూ, నవ్వుతూ, తలుపు వెయ్యడానికి మెట్లు దిగాను.